సైరన్ తోక

మా వీధి మొగలో, కూరగాయల బండ్లు ఆగే చోట, ఈ ఫాల్గుణ మాసం మొదట్లో ఒక ఫ్లెక్సీ కట్టారు. వసంత కళోత్సవం, మూడు రోజులు, కమ్యూనిటీ హాల్లోనూ దాని వెనక మైదానంలోనూ. మొదటిరోజు పిల్లల బొమ్మల పోటీ, ఆడవాళ్ళ కోలాటం. రెండోరోజు తప్పెటగుళ్ళు. ఆఖరిరోజు నాటకం. అడుగున కుడివైపు మూల మా ఆయన ఫోటో వేశారు. ఫోటో కింద "శబ్ద సమ్రాట్" అని పెద్ద అక్షరాలు, వాటి కింద చిన్న అక్షరాల్లో ఆయన పేరు. నేను వంకాయలు ఏరుతూ తలెత్తి చూశాను. ఏరినవన్నీ మళ్ళీ బండి మీదే పోసి ఇంటికి వచ్చేశాను. కూరగాయల మనిషి వెనకనుంచి "ఏటమ్మా, పుచ్చులున్నాయేటి?" అని అరుస్తూనే ఉంది.

ఆయన సమ్రాట్టు కాదు. పోర్టు వర్క్‌షాపులో ఫిట్టరు. గోదావరి జిల్లా నుంచి ఒక ట్రంకుపెట్టెతో వచ్చి, ఆ ఉద్యోగంలోనే రిటైరయ్యారు. మల్కాపురం వైపు క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో అక్కడి నాటక సమాజంలో చేరారు. నటించాలనే చేరారు. మొదటి నాటకంలో ఆయనకి ఒక్క మాట ఉంది, "అయ్యగారూ, పోలీసులొచ్చారు" అని. ఆ మాట ఆయన ప్రేక్షకులకి వీపు పెట్టి, లోపలున్న పోలీసులతో చెప్పారు. ఆ తర్వాత సమాజం వాళ్ళు ఆయన్ని తెర వెనక ఉంచారు. అక్కడ ఆయనకి తన పని దొరికింది. చేటలో బఠాణీలు పోసి అటూ ఇటూ ఒంచితే వాన. పల్చటి ఇనప రేకు దులిపితే ఉరుము. కొబ్బరి చిప్పలు బల్ల మీద కొడితే జట్కా బండి. ఇంట్లో నా చేట నెలకి ఇరవై రోజులు కనిపించేది కాదు. సముద్రం మాత్రం ఆయనకి ఎప్పటికీ కుదరలేదు. గోనెసంచీ మీద ఇసక పోసి రుద్ది, ఎంతో శ్రమపడి ఒక సముద్రం తయారుచేసి మల్కాపురం అన్నయ్యకి వినిపిస్తే, ఆయన కళ్ళు మూసుకుని శ్రద్ధగా విని, "ఇది సముద్రమేటి బావా? మా ఇంట్లో సారు మరుగుతన్నట్టుంది" అన్నాడు.

ఈ అన్నయ్య నాకు తోడబుట్టినవాడు కాదు. హార్బరు పక్కన చేపల వేట చేసుకునే కుటుంబంలో పుట్టాడు. తండ్రీ అన్నలూ సముద్రం మీదకి వెళ్తే ఈయన పోర్టులో ఖలాసీగా చేరాడు. మా ఆయన్ని మొదటిరోజే బావా అన్నాడు. అలా నేను చెల్లెల్నయ్యాను. సమాజంలో పెద్ద పాత్రలన్నీ అన్నయ్యవే. చదువు మూడో తరగతితో ఆగింది కాబట్టి రాత ప్రతి ఆయనకి పనికొచ్చేది కాదు. మా ఆయన చదివి వినిపించాలి. ఇద్దరూ మా క్వార్టర్స్ వెనక ఇటూ అటూ నడుస్తూ పాఠం చెప్పుకునేవాళ్ళు. నేను శాఖా గ్రంథాలయంలో పనిచేసేదాన్ని. పొద్దున్న కాసేపు, సాయంత్రం కాసేపు డ్యూటీ, మధ్యాహ్నమంతా ఇంట్లోనే. కిటికీలోంచి వింటూ ఉండేదాన్ని. కొన్నాళ్ళకి ఒక సంగతి గమనించాను. అన్నయ్య మాటల్ని మాటలుగా గుర్తుపెట్టుకోవడం లేదు. వాన చప్పుడు తర్వాత ఈ మాట, తలుపు చప్పుడు తర్వాత ఆ మాట. మా ఆయన చేసే చప్పుళ్ళకి ఒక్కొక్కదానికి ఒక్కొక్క మాట తగిలించుకుని పెట్టుకునేవాడు. నేను పుస్తకంలో గుర్తుకి రెమ్మ పెట్టుకున్నట్టు.

ఆ సమాజంలో ఒక పద్ధతి ఉండేది. అందరూ షిఫ్టుల వాళ్ళు. నాటకం రోజుకి ఎవరికి ఏ షిఫ్టు పడుతుందో ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి పాత్రనీ ఇద్దరు నేర్చుకునేవారు. దాన్ని జోడీ అనేవారు. ఒకరు డ్యూటీలో ఉంటే రెండోవారు రంగు పూసుకుంటారు. కథానాయకుడి నుంచి కూజా తెచ్చే నౌకరు వరకూ అందరికీ జోడీ ఉండేవాడు. మా ఆయన పనికి మాత్రం ఎవరూ జోడీ రాలేదు. చప్పుడు చేసేవాడికి చప్పట్లు రావు కదా. దాంతో ఆయనే ప్రతిసారీ ఎవరినో బతిమాలి షిఫ్టు మార్చుకునేవారు. పెళ్ళిళ్ళకీ జ్వరాలకీ మార్చుకోని మనిషి.

సైరన్ సంగతి ఇప్పుడు చెప్పాలి. సమాజంలో ఒకాయన, పోర్టులో టైమ్‌కీపరు, ఒక నాటకం రాశారు. ముసలి ఖలాసీ ముందురోజే రిటైరయ్యాడు. మర్నాడు అలవాటుకొద్దీ స్నానం చేసి, ఖాకీ చొక్కా తొడుక్కుని కూర్చుంటాడు. షిఫ్టు సైరన్ మోగుతుంది. లేచి గడప దాకా వెళ్ళి ఆగిపోతాడు. అప్పుడొక మాట అనాలి. ఆ మాట సైరన్ పూర్తిగా ఆగకముందే, సన్నబడుతూ ఉన్నప్పుడు అనాలి. దీనికోసం మా ఆయన ఆటోనగర్ పాత సామాన్ల కొట్లన్నీ తిరిగి, చేత్తో తిప్పే పాత సైరన్ ఒకటి పట్టుకొచ్చారు. లోపలి పళ్ళు అరిగిపోయి ఉన్నాయి. వాటి స్థానంలో సైకిల్ వెనక చక్రానికి ఉండే ఫ్రీవీల్ బిగించారు. దానివల్ల ఏమవుతుందంటే, హ్యాండిల్ ఆపేసినా లోపలి చక్రం తన బరువు మీద తాను తిరుగుతూనే ఉంటుంది. కూత వెంటనే తెగిపోదు, మెల్లగా దిగుతుంది. ఆ దిగడాన్ని వాళ్ళు తోక అనేవారు. ఆదివారాలు ఇంట్లో దాన్ని సాధన చేస్తుంటే పక్క క్వార్టర్సువాళ్ళు గోడ మీద కర్రతో కొట్టేవారు.

ఇరవై ఎనిమిదేళ్ళ కిందట, ఇలాగే చలి వెనక్కి తగ్గి మామిడి పిందెలు పడే రోజుల్లో, నాటక పోటీలకి ఆ నాటకం వేశారు. ఆదివారం పొద్దున్న పదకొండింటికి అని వేశారు కానీ, ముఖ్య అతిథి రావడం, వచ్చినవాడు మాట్లాడడం, మాట్లాడినవాడికి శాలువా కప్పడం అయ్యేసరికి పన్నెండున్నర. హాలు నిండా పోర్టువాళ్ళూ, వాళ్ళ ఇళ్ళవాళ్ళూ. నేను మూడో వరసలో, నడవ పక్కన కూర్చున్నాను. నాటకం బాగా నడిచింది. అన్నయ్య జుట్టుకి పౌడరు పూసుకుని వంగి నడుస్తున్నాడు. తెర వెనక మా ఆయన సైరన్ తిప్పారు. చిన్నగా మొదలై, పైకి లేచి, హాలంతా నిండింది. అప్పుడు గోడ గడియారంలో టైము ఒంటిగంటన్నర. రెండు గంటల షిఫ్టుకి మొదటి పిలుపు మోగే వేళ.

సగం హాలు లేచి నిలబడింది.

షిఫ్టు ఉన్నవాళ్ళు లేచారు. లేనివాళ్ళూ లేచారు. ఒకాయన బెంచీ కింద చెప్పులు వెతుక్కుంటున్నాడు. ఇంకొకాయన అప్పటికే తలుపు దగ్గరున్నాడు. నాటకంలో గడప దగ్గర ఆగిపోవలసిన అన్నయ్య కాసేపు ఈ జనాన్ని చూసి, ఓపిక పట్టలేక, "కూకోండ్రా బాబూ! అది మా బావ కూత, పోర్టుది కాదు!" అని అరిచాడు. హాలు విరగబడి నవ్వింది. న్యాయనిర్ణేతలు నవ్వలేదు. సమాజానికి రావలసిన బహుమతి ఆ నవ్వులో పోయింది.

లేచినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆయనకి ఆ రోజు డ్యూటీ లేదని తెలుసు. తెర వెనక ఉన్నది ఆయనే అని తెలుసు. ఆ కూత మా వంటింటి వెనక ఎన్ని ఆదివారాలు విన్నానో. అయినా లేచాను. నా చెయ్యి పక్కకి వెళ్ళింది, అక్కడ క్యారేజీ ఉన్నట్టు. అన్నం గిన్నెలో సర్ది, పైన పప్పు, ఆ పైన మజ్జిగ, క్లిప్పు నొక్కి ఆయన చేతికివ్వడానికి లేచాను. ఎదర తెర కదిలింది. సందులోంచి మా ఆయన ముఖం కనిపించింది. నన్నే చూస్తున్నారు.

ఇంటికొచ్చాక భోజనం దగ్గర అడిగారు. "నేను లోపలే ఉన్నానని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మరెందుకు లేచావ్?"

"అలవాటు" అన్నాను.

కంచంలో ఆయన చెయ్యి ఆగిపోయింది. కాసేపటికి మళ్ళీ తిన్నారు. బహుమతి పోయినందుకు బాధ అనుకున్నాను. ఊరంతా చెడగొట్టింది చాలక పెళ్ళాం కూడా నాటకం చెడగొట్టిందని కోపం అనుకున్నాను. ఆ వారమంతా కాలనీలో అందరూ ఆ ముచ్చటే చెప్పుకుని నవ్వారు, ఆయన మాత్రం నవ్వలేదు. తర్వాత ఎన్నిసార్లు ఆ నాటకం వేసినా, సైరన్ తిప్పేముందు తెర సందులోంచి ఒకసారి చూసేవారట. అన్నయ్య చెప్పాడు. నేను కూర్చున్నానా, లేచిపోతానా అని చూస్తున్నారనుకున్నాను. అందుకని సైరన్ వేళకి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చునేదాన్ని.

పోయిన శ్రావణంలో ఆయన వెళ్ళిపోయారు. దాని గురించి రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను, అంతే. జీవితమంతా పుస్తకాల మధ్య గడిపినదాన్ని, ఇప్పుడు రెండు పేజీలు చదివి లేస్తాను. బాల్కనీలోకి వెళ్తాను. సింహాచలం కొండ వైపు నుంచి జీడిమామిడి పూత వాసన వస్తుంది. అదీ కాసేపే. హైవే మీద లారీ వెళ్తే కిటికీ అద్దం అదురుతుంది, వెళ్ళి దాన్ని పట్టుకుంటాను. గోపాలపట్నం వచ్చి పదేళ్ళయింది, ఇక్కడికి ఏ సైరనూ వినిపించదు. అయినా మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి వంటింట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చానో తెలియక నిలబడతాను.

ఫ్లెక్సీ కట్టిన మర్నాడు అన్నయ్య వచ్చాడు. డెబ్భై దాటాయి. మోకాళ్ళు మొండికేస్తున్నాయి. సోఫాలో కూర్చోకుండా గుమ్మం పక్క స్టూలు మీద కూర్చున్నాడు. కళోత్సవంలో వేసేది ఆ ఖలాసీ నాటకమే. ఆయనదే పాత్ర.

"ఈసారి జుట్టుకి పౌడరక్కర్లేదు సెల్లెమ్మా. దేవుడే పూసీసినాడు" అన్నాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "మాట రాటం లేదు."

"ఏ మాట?"

"ఆ మాటే. లాప్‌టాప్‌లో ఏస్తన్నారు సైరను. కూస్తాది, టక్కున ఆగిపోద్ది. తోక లేదు దానికి. తోక లేకపోతే మాట ఎక్కడ పట్టుకోవాలి నాను? రెండు రిహార్సల్సులో నోరెళ్ళబెట్టుకుని నిలబడిపోనాను."

ఇప్పటికీ జోడీ పద్ధతి ఉంది. ఆయన పాత్రకి జోడీ ఒక బ్యాంకు ఉద్యోగి. నలభై ఏళ్ళవాడు, మంచివాడు, నాటకమంతా పుస్తకం చూడకుండా అప్పజెప్పగలడు. కార్యదర్శి మర్యాదగానే చెప్పాడట, శుక్రవారం రిహార్సల్‌లో కూడా మాట రాకపోతే జోడీ చేత వేయిస్తామని. ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ అన్నయ్యకి ఇది ఆఖరి నాటకం. ఆ సంగతి ఆయన అనలేదు, మోకాళ్ళు రుద్దుకుంటున్నాడు.

"సైరన్ అటక మీదుంది. తీసుకెళ్ళు అన్నయ్యా" అన్నాను.

"తీసుకెళ్తే తిప్పీదెవలు? సెక్రటరీ తిప్పితే దోసెల పిండి రుబ్బినట్టుంటాది. నువ్వు రావాల."

నేను రానన్నాను. ఏడాది తిరగలేదు. శుభకార్యాలకీ ఉత్సవాలకీ ఎవరూ పిలవని, నేను వెళ్ళని ఏడాది ఇది. అదే చెప్పాను.

"నీకు ఏడాది తిరిగీసరికి నా మోకాళ్ళుంటాయో లేదో ఎవులికి తెలుసు? బావ బతికున్నన్నాళ్ళూ ఇదే గొడవ, జోడీ లేదు జోడీ లేదని. మరి అన్నేళ్ళూ కిటికీలో నిలబడి ఇన్నదెవలు, నువ్వు కాదేటి?"

నాకు కోపం వచ్చింది. కోపంతోనే కుర్చీ వేసుకుని అటక మీంచి సైరన్ దింపాను. దానికి ఆయన పాత లుంగీ చుట్టి ఉంది. విప్పి, ఆ లుంగీ పక్కన పెట్టి, సైరన్‌ని హాలు మధ్యలో ఉంచి తిప్పాను. కూత లేచింది. కింది ఇంటి కుక్క లేచింది. కూత పైకెళ్ళాక దాన్ని మెల్లగా దించాలని హ్యాండిల్ మెల్లమెల్లగా తిప్పాను. తోక ముక్కలు ముక్కలుగా వచ్చింది, దగ్గు వచ్చినవాడు పాడినట్టు. అన్నయ్య ముఖం పక్కకి తిప్పుకున్నాడు. నాలుగుసార్లు అలాగే అయింది. ఐదోసారి చెయ్యి నొప్పెట్టి మధ్యలో వదిలేశాను. హ్యాండిల్ ఆగింది. లోపలి చక్రం ఆగలేదు. కూత తనంతట తాను, ఎవరి సాయమూ లేకుండా, నిదానంగా దిగింది. అప్పుడు గుర్తొచ్చింది. కిటికీలోంచి చూసేటప్పుడు మా ఆయన సైరన్ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండేవారు. పని అయిపోయిందేమో అనుకునేదాన్ని. ఆయన తోకని చేసేవారు కాదు, వదిలేసేవారు. ఇందులో వేదాంతం ఏమీ లేదు. ఇనుము బరువూ, సైకిల్ ఫ్రీవీలూ, అంతే.

అన్నయ్య స్టూలు మీంచి లేచి గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. తోక సన్నబడుతుండగా మాట అన్నాడు. నా వైపు చూడకుండా చెప్పులేసుకున్నాడు. "శుక్రవారం ఐదింటికి ఆటో పంపుతాను" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆడపడుచు రాజమండ్రి నుంచి ఫోన్ చేసింది. ఎవరు చెప్పారో తెలియదు. "ఏడాది తిరక్కుండా నాటకాలేంటి వదినా? నలుగురూ ఏమనుకుంటారు?" అంది.

"నలుగురికీ కనపడను. తెర వెనకే" అన్నాను.

"మా అన్నయ్య కూడా అలాగే అనేవాడు, ఆయ్" అని ఫోన్ పెట్టేసింది.

శుక్రవారం గండం గడిచింది. ఆదివారం సాయంత్రం మైదానం వెనక వైపు నుంచి హాల్లోకి వెళ్ళాను. ముందురోజు ఆడిన తప్పెటగుళ్ళ వాళ్ళు సామాన్లు సర్దుకుంటున్నారు. ఒకాయన గుండెకి కట్టుకునే రేకు తప్పెట విప్పుతూ నా చేతిలో సైరన్ చూసి, "ఇదేటమ్మా, పిండిమరా?" అని అడిగాడు. గేటు దగ్గర ఫ్లెక్సీలో "శబ్ద సమ్రాట్" మీద ఎవరో కోచింగ్ సెంటర్ కాగితం అంటించారు. నాకు కొంచెం తృప్తి కలిగింది.

తెర వెనక ఒక చెక్కపెట్టె మీద కూర్చున్నాను. అన్నేళ్ళు ముందునుంచి చూసిన నాటకాన్ని మొదటిసారి పక్కనుంచి చూశాను. పక్కనుంచి చూస్తే నటుల మెడ మీద చెమట కనిపిస్తుంది. రెండుసార్లు లేచి నిలబడ్డాను, రెండుసార్లు బ్యాంకాయన "కూర్చోండమ్మా, ఇంకా టైముంది" అన్నాడు. ఆయనా ఖాకీ చొక్కా వేసుకుని సిద్ధంగానే ఉన్నాడు. అన్నయ్యకి మాట రావాలని నాకంటే ఎక్కువగా ఆయనే కోరుకుంటున్నట్టు కనిపించాడు.

వేళయింది. తిప్పేముందు, ఎందుకో తెలియదు, తెర సందులోంచి హాల్లోకి చూశాను. సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. షిఫ్టు సైరన్ ఎలా ఉంటుందో తెలియని పిల్లలు, తెలిసినా మరిచిపోయిన పెద్దలు. తిప్పాను. చిన్నగా మొదలై, పైకి లేచి, హాలంతా నిండింది. చేతులు వదిలేసి ఒళ్ళో పెట్టుకున్నాను.

నాలుగో వరసలో ఒక ముసలావిడ లేచి నిలబడింది.

మల్కాపురం నుంచి పోర్టు పాతవాళ్ళని తీసుకొచ్చిన బస్సులో దిగినావిడ అయ్యుంటుంది. ముదురు నీలం చీర, బొట్టు లేదు. ఒక చెయ్యి పక్కకి చాచింది, అక్కడ ఏదో ఉన్నట్టు. కళ్ళు తలుపు వైపు వెళ్ళాయి, అక్కడ ఎవరో తొందరపడుతున్నట్టు. ఆ ముఖంలో తెలివితక్కువతనం లేదు. భయం లేదు. ఒక మనిషి ఆకలితో వెళ్ళిపోకూడదన్న తొందర ఒక్కటే ఉంది. ఆ మనిషి ఎన్నేళ్ళ కిందట పోయాడో. పక్కావిడ చెంగు పట్టి లాగితే, చుట్టూ చూసి, సిగ్గుపడి కూర్చుంది.

తోక దిగుతోంది. గడప దగ్గర అన్నయ్య ఆగాడు. ఆయనా ఆవిణ్ణి చూశాడో లేదో నాకు తెలియదు. కూత ఇంక వినిపించదేమో అన్నంత సన్నబడింది. నా పక్కన బ్యాంకాయన పెదవులు కదులుతున్నాయి. అప్పుడు అన్నయ్య అన్నాడు.

"పిలస్తన్నారు. ఇయాల నన్ను కాదు."

హాల్లో ఫోన్లు కిందికి దిగాయి. నేను చప్పట్లు వినలేదు, వచ్చాయని తర్వాత చెప్పారు. తెర పడ్డాక అన్నయ్య నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, "తోక కూసింత పొడుగైంది సెల్లెమ్మా. బావది ఇంత ఉండేది కాదు" అన్నాడు.

"నువ్వే ఆలస్యంగా అన్నావు."

"ఒక ముసల్ది నిలబడింది లే. దాన్ని కూకోనిచ్చీదాకా ఆగినాను" అన్నాడు.

ఆటోలో ఇంటికొస్తూ సైరన్ ఒళ్ళో పెట్టుకున్నాను. ఇనుము ఇంకా కొంచెం వెచ్చగా ఉంది. ఆ రోజు భోజనం దగ్గర ఆయన చెయ్యి ఎందుకు ఆగిందో ఆలోచిస్తూ కూర్చున్నాను. "అలవాటు" అని ఒక్క ముక్కలో తేల్చేశాను నేను. ఆయన అడిగింది దాని గురించి కాదు. తెర సందులోంచి ఆయనకి కనిపించింది తన కూతకి లేచిన హాలు కాదు, తన కోసం లేచిన ఒక్క మనిషి. ఆ తర్వాత ప్రతిసారీ అందుకే చూసేవారు. నేనేమో కుర్చీ చేతులు పట్టుకుని కూర్చున్నాను.

ఆయన ఆ మధ్యాహ్నం చూసినదాన్ని నేను చూడడానికి ఇరవై ఎనిమిదేళ్ళు పట్టింది. చూశానని చెప్పడానికి మాత్రం ఏడు నెలలు ఆలస్యమైంది.